స్కోపు డయల్ మీద మిల్ ఉండాలా, నిమిషం ఉండాలా?

ప్రశ్న: నేను సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేసి, పదవీ విరమణ తరవాత చిత్తూరులో స్థిరపడ్డాను. మా మేనల్లుడు ఉద్యోగరీత్యా అమెరికాలో ఉంటూ, అక్కడి క్లబ్బులో చేరి 600, 1000 గజాల ఎఫ్-క్లాస్ పోటీలలో కాగితపు టార్గెట్ మీద కాలుస్తున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు రైఫిల్‌కు కొత్త స్కోపు (గురి చూసే దుర్భిణి) కొనాలనుకుంటున్నానని చెప్పాడు. డయల్ మిల్ లెక్కలో ఉన్నది కొనమని నేను, ఎం.ఓ.ఏ. (కోణపు నిమిషం) లెక్కలో ఉన్నదే కొంటానని అతను పండగ మూడు రోజులూ వాదించుకున్నాము. మిల్ దశాంశ పద్ధతి కనుక అదే ఎక్కువ కచ్చితమైనదని నా వాదన. అక్కడ కొలతలన్నీ గజాలలోనూ అంగుళాలలోనూ ఉంటాయి కనుక మీటర్లకు చెందిన మిల్ తనకు పనికిరాదని అతని వాదన. మరొక సందేహం కూడా ఉంది. మేము సర్వీసులో వృత్తాన్ని 6400 మిల్‌లుగా లెక్కించేవాళ్ళం. స్కోపు మీద ఉండే మిల్ కూడా అదేనా?
– ఒక విశ్రాంత సైనికుడు, చిత్తూరు

జవాబు: కొనవలసిన స్కోపు విషయంలో మీ మేనల్లుడిదే పైచేయి అండీ. కారణాల విషయంలో మాత్రం మీ ఇద్దరి వాదనా నిలబడదు.

స్కోపు పైనున్న టరెట్‌ను, అంటే ఆ డయల్ ఉన్న మరను, తిప్పినప్పుడు మనం మారుస్తున్నది పొడవును కాదు, కోణాన్ని. కోణానికి గజమూ తెలియదు, మీటరూ తెలియదు. వృత్తానికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 నిమిషాలు చొప్పున మొత్తం 21,600 నిమిషాలలో ఒక్కటి ఎం.ఓ.ఏ. పంచాంగంలో గ్రహస్ఫుటాలు చూసే అలవాటున్నవారికి ఇది పాత చుట్టమే, ఎందుకంటే మన జ్యోతిశ్శాస్త్రం ‘కళ’ అని పిలిచేది ఈ నిమిషాన్నే. మిల్ అంటే మిల్లీరేడియన్, అంటే దూరంలో వెయ్యో వంతు మేరకు తెరుచుకునే కోణం. 1000 మీటర్ల వద్ద అది ఒక మీటరు, 1000 గజాల వద్ద ఒక గజం, 1000 అడుగుల వద్ద ఒక అడుగు. కనుక మిల్ మీటర్లకు కట్టుబడినదన్న మీ మేనల్లుడి మాట సరికాదు. అలాగే ఎం.ఓ.ఏ. అంగుళాల కోసం పుట్టినదీ కాదు. 100 గజాల వద్ద అది 1.047 అంగుళాలు కావడం, అంటే అంగుళానికి అంత దగ్గరగా రావడం, కేవలం కాకతాళీయం. 100 మీటర్ల వద్ద అదే కోణం 2.9 సెంటీమీటర్లు అవుతుంది.

ఈ రెండు కొలతలకూ మధ్య ఉన్న మారకపు సంఖ్య 3.438, ఒక మిల్‌కు అన్ని నిమిషాలు. ఈ అంకెను చూసినప్పుడల్లా నాకు ఆర్యభటుడు గుర్తుకు వస్తాడు. క్రీ.శ. 499 నాటి ఆయన జ్యా (నేటి సైన్) పట్టికలో, చుట్టుకొలత 21,600 కళలున్న వృత్తానికి వ్యాసార్ధం 3438 కళలు. నేటి భాషలో చెప్పాలంటే ఒక రేడియన్‌లో ఎన్ని నిమిషాలున్నాయో ఆ లెక్క అది. దానిలో వెయ్యో వంతే మీ మిల్. మీరూ మీ మేనల్లుడూ తగవులాడుకున్నది నిజానికి ఒకే పట్టికలోని రెండు గళ్ళ గురించి.

ఇక కచ్చితత్వం సంగతి చూద్దాము. డయల్ ఎంత కచ్చితమైనదో నిర్ణయించేది ప్రమాణం పేరు కాదు, ఒక్కొక్క క్లిక్కు, అంటే డయల్ టక్కుమని జరిగే ఒక్క మెట్టు, ఎంత చిన్నదన్న విషయం. సాధారణంగా మిల్ స్కోపులలో క్లిక్కు 0.1 మిల్, ఎం.ఓ.ఏ. స్కోపులలో పావు నిమిషం. 1000 గజాల వద్ద మొదటిది 3.6 అంగుళాలు, రెండవది 2.6 అంగుళాలు. మనకు కావలసిన స్థానం రెండు క్లిక్కుల నడుమ పడితే మిగిలిపోయే లోటు గరిష్ఠంగా అర క్లిక్కే కనుక, మొదటి దానిలో 1.8 అంగుళాలు, రెండవ దానిలో 1.3 అంగుళాలు అవుతుంది. అంటే ఇక్కడ సన్నని పనితనం ఎం.ఓ.ఏ. వైపే ఉంది. మీరు దశాంశ పద్ధతిని కచ్చితత్వంగా భావించారు. అది లెక్కకు సులువు, అంతే. అయితే ఈ అర అంగుళం తేడా చూసి మీ మేనల్లుడు మురిసిపోవలసిన అవసరం కూడా లేదు. .308 రైఫిల్‌లో 175 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్‌తో కాల్చేవాడు 1000 గజాల వద్ద అడ్డంగా వీచే గాలి వేగాన్ని గంటకు ఒక్క మైలు తప్పుగా అంచనా వేస్తే గుండు తొమ్మిది పది అంగుళాలు పక్కకు పోతుంది. గాలిని చదవడం రానివాడికి ఏ డయలైనా ఒకటే.

అయితే అతనిది పైచేయి అని ఎందుకన్నాను? అతను ఆడేది ఎఫ్-క్లాస్ కావడం వల్ల. ఆ పోటీ టార్గెట్ మీది వలయాలు నిమిషాల లెక్కకు దగ్గరగా గీసినవి. అమెరికాలో 1000 గజాల ఎఫ్-క్లాస్ టార్గెట్‌కు 10 పాయింట్ల వలయం వ్యాసం 10 అంగుళాలు, అంటే దాదాపు ఒక నిమిషం. దాని లోపలి ఎక్స్ వలయం 5 అంగుళాలు, అంటే అర నిమిషం. 9 పాయింట్ల వలయం 20 అంగుళాలు. ప్రతి గుండు తరవాత టార్గెట్‌ను కిందికి దించి, గుండు పడిన చోట గుర్తు పెట్టి మళ్ళీ పైకి ఎత్తుతారు. ఆ గుర్తు 9 వలయపు వెలుపలి అంచు మీద కుడివైపున కనిపించిందంటే, నడిమి నుంచి ఒక నిమిషం కుడికి పడిందని కాగితమే చెబుతుంది. పావు నిమిషపు డయల్ ఉన్నవాడు నాలుగు క్లిక్కులు ఎడమకు తిప్పి తరవాతి గుండు వేస్తాడు. మిల్ డయల్ ఉన్నవాడు అదే గుర్తును 0.29 మిల్ అని మనసులో మార్చుకుని మూడు క్లిక్కులు తిప్పాలి. చేయలేనంత కష్టమేమీ కాదు. గాలి మారుతున్న పోటీలో ఇరవైసార్లు చేయవలసి రావడం మాత్రం అనవసరపు బరువు. చుట్టుపక్కల కాల్చేవారు కూడా “గాలి ఇప్పుడు రెండు నిమిషాలు నడుస్తోంది” అన్న భాషలోనే మాట్లాడుకుంటారు. ఆ గుంపులో మిల్ అనేవాడు పరాయి ఊరి సంతలో మన ఊరి తూకం అడిగినవాడి లాగా ఉంటాడు.

అదే మీ మేనల్లుడు గుర్తు తెలియని దూరాలలో ఇనుప పలకల మీద, సమయ పరిమితితో, ఒక్కొక్క స్థానం నుంచి నాలుగైదు టార్గెట్లను కాల్చే తరహా పోటీలలో చేరి ఉంటే నేను మారు మాట లేకుండా మీ పక్షం వహించేవాణ్ణి. అక్కడ మిల్‌దే రాజ్యం. సంఖ్యలు చిన్నవి, గుర్తు పెట్టుకోవడం తేలిక. పైన చెప్పిన .308 గుండుకే 100 గజాల జీరో (ఆ దూరంలో గురి పెట్టిన చోటే గుండు పడేలా కుదిర్చిన డయల్ స్థానం) నుంచి 1000 గజాలకు సుమారు 38 నుంచి 40 నిమిషాలు ఎత్తాలి. దానినే మిల్‌లో 11 నుంచి 11.6 అంటాము. క్లిక్కులలో చూస్తే ఒకటి 160 దాకా, రెండవది 116 దాకా. పది మిల్‌లకు ఒక చుట్టు తిరిగే టరెట్ అయితే ఒక చుట్టు దాటి కాస్త ముందుకు పోతే చాలు. హడావుడిలో చుట్లు లెక్క తప్పి, ఒక పూర్తి చుట్టు ఎక్కువ తిప్పి కాల్చినవారిని నేను చాలామందిని చూశాను. వారిలో ఒకరిని రోజూ అద్దంలో చూస్తాను.

మీ 6400 సంగతి. గణితం ప్రకారం వృత్తంలో 6283 మిల్లీరేడియన్లకు కొంచెం పైన ఉంటాయి. పటాల మీదా ఫిరంగుల మీదా భాగహారానికి వీలుగా ఉండేందుకు నాటో సైన్యాలు దానిని 6400గా గుండ్రం చేసుకున్నాయి. పాత సోవియట్ పద్ధతిలో అది 6000. పోటీలకు వాడే నేటి స్కోపులలో దాదాపు అన్నీ అసలు మిల్లీరేడియన్‌నే అనుసరిస్తాయి. మీ ఫిరంగి మిల్ దానికన్నా 2 శాతానికి కొంచెం తక్కువ మేరకు చిన్నది. ఫిరంగి గుండుకు అది లెక్కలోకి రాకపోవచ్చు గానీ, 11 మిల్‌లు ఎత్తినప్పుడు 0.2 మిల్ తేడా వస్తుంది. 1000 మీటర్ల వద్ద 20 సెంటీమీటర్లు. కనుక పాత అలవాటుతో వేసిన పట్టికలను అతనికి ఇవ్వకండి.

కొనే ముందు అతను చూసుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, టరెట్ ఏ ప్రమాణంలో ఉందో కంటికి కనిపించే రెటికల్ గీతలు కూడా అదే ప్రమాణంలో ఉండాలి. రెటికల్‌లో మిల్ చుక్కలు, టరెట్ మీద పావు నిమిషపు క్లిక్కులు ఉన్న స్కోపులు ఒకప్పుడు విరివిగా వచ్చేవి. ఇప్పటికీ పాత సామానులో చౌకగా దొరుకుతాయి. నా మొదటి స్కోపు అటువంటిదే. చుక్కలతో చూస్తే గుండు అర మిల్ కిందికి పడిందని తెలిసేది, దానిని 3.438తో గుణించి, నాలుగుతో గుణించి, ఏడు క్లిక్కులని తేల్చుకునే లోపల గాలి దిశ మారిపోయేది. రెండు ప్రమాణాలలో ఏదైనా ఒకటే తీసుకొమ్మనండి, రెండూ కలిసినది మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దని చెప్పండి.

రెండవది, టరెట్‌కు పైకి తిరిగే పరిధి. 40 నిమిషాలు ఎత్తాలంటే, మొత్తం పరిధి 60 నిమిషాలని రాసి ఉన్న స్కోపు చాలదు; జీరో పరిధి మధ్యలో కుదిరితే పైకి మిగిలేది 30 మాత్రమే. స్కోపు కింద 20 నిమిషాల వాలు ఉన్న బేస్ బిగిస్తే ఆ లోటు తీరుతుంది. ఎఫ్-క్లాస్ కోసమే కొంటున్నాడు కనుక, డబ్బు సరిపోతే అరపావు నిమిషపు క్లిక్కులున్నది మేలు. 1000 గజాల వద్ద ఆ క్లిక్కు 1.3 అంగుళాలే.

ప్రశ్న: నా దగ్గర లైసెన్సుతో కొన్న .22 రైఫిల్ ఉంది. దాని స్కోపు పెట్టె మీద ‘క్లిక్కుకు పావు ఎం.ఓ.ఏ.’ అని ఉంది. క్లబ్బు రేంజిలో 100 మీటర్ల వద్ద ఒక గ్రూపు (ఒకే గురితో కొన్ని గుండ్లు) కాల్చి, 80 క్లిక్కులు పైకి తిప్పి మరొక గ్రూపు కాల్చాను. లెక్క ప్రకారం 58.2 సెంటీమీటర్లు జరగాలి, నాకు 55.5 మాత్రమే వచ్చింది. స్కోపు చెడిపోయిందా?
– శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: ఈ పరీక్ష చేసే ఓపిక ఉన్నవారు అరుదు. మీ స్కోపు చెడిపోయిందని అప్పుడే నిర్ణయించకండి.

మన తిరుపతిలో స్థలం కొనేవారు అంకణం అంటే 36 చదరపు అడుగులని లెక్క కడతారు; నెల్లూరు వెళితే అదే అంకణం 72 చదరపు అడుగులు. మాట ఒకటే, కొలత వేరు. ఎం.ఓ.ఏ.కు కూడా ఇటువంటి చిక్కే ఉంది. కొందరు తయారీదారులు 1.047ను వదిలిపెట్టి, 100 గజాలకు సరిగ్గా ఒక అంగుళంగా టరెట్‌ను కోసి, దానికి కూడా ఎం.ఓ.ఏ. అనే పేరే పెడతారు. ఆ లెక్కన 100 మీటర్ల వద్ద ‘నిమిషం’ 2.78 సెంటీమీటర్లు, అటువంటివి 20 అయితే 55.6 సెంటీమీటర్లు. మీకు వచ్చింది అక్షరాలా అదే.

ఆ నిర్ణయానికి వచ్చే ముందు మాత్రం టేపు తీసుకుని కాల్చే చోటు నుంచి టార్గెట్ వరకు మీరే కొలవండి. దూరం నిజంగా 100 కాక 95 మీటర్ల చిల్లర ఉంటే, అసలు నిమిషాల టరెట్ కూడా మీకు ఇదే 55.5 చూపిస్తుంది. ఒకప్పుడు నేను ఒక స్కోపును నెల రోజులు తిట్టుకున్న తరవాత, వానకు నేల కుంగిన చోట నుంచి టార్గెట్ కర్రను ఎవరో ముందుకు జరిపి పాతారని తెలిసింది. టార్గెట్ కాగితం మీద తూకపు దారం వేలాడదీసి నిలువు గీత గీయండి, రెటికల్ నిలువు గీత దానిమీద సరిగా కూర్చుంటోందేమో చూడండి, ఒక్కొక్క గుండును కాక అయిదేసి గుండ్ల గ్రూపు నడిమిని కొలవండి. మళ్ళీ 80 క్లిక్కులు కిందికి తిప్పినప్పుడు గ్రూపు పాత చోటికే రావడం అన్నింటికన్నా ముఖ్యం. అలా తిరిగి రాకపోతే అప్పుడు స్కోపును అనుమానించవచ్చు.

దూరం సరైనదేనని తేలితే మీ టరెట్ అంగుళపు టరెట్. చెడ్డది కాదు, ఏ దూరానికి డయల్ ఎంత తిప్పాలో లెక్కగట్టే ఫోన్‌లోని బాలిస్టిక్ యాప్‌లో ఆ ప్రమాణాన్ని విడిగా ఎంచుకోవలసి ఉంటుంది. అసలు నిమిషాలలో 40 అని యాప్ చెబితే మీ డయల్ మీద 41.9 తిప్పాలి. 100 మీటర్లలో చేసే చిన్న చిన్న సవరణలలో మీకు ఈ తేడా కనిపించదు. దూరం పోయినకొద్దీ నిలదీస్తుంది.

ప్రశ్న: నా స్కోపు 6 నుంచి 24 రెట్ల వరకు పెద్దదిగా చూపుతుంది. రెటికల్ మిల్ గీతలతో ఒక వస్తువును కొలిస్తే 24 వద్ద ఒక లెక్క, 12 వద్ద ఇంకొక లెక్క వస్తోంది. టరెట్ కూడా ఇలాగే మారుతుందా? మిల్ బదులు ఎం.ఓ.ఏ. తీసుకుని ఉంటే ఈ బాధ ఉండేది కాదా?
– తిరుపతి నుంచి, పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ఎం.ఓ.ఏ. అయినా ఇదే బాధ. ఇది ప్రమాణం వల్ల వచ్చినది కాదు, రెటికల్‌ను గొట్టంలో ఎక్కడ అమర్చారన్న దానివల్ల వచ్చింది. మీది రెండవ ఫోకల్ ప్లేన్ స్కోపు. దానిలో బొమ్మ పెద్దదవుతుంది, గీతలు మాత్రం కంటికి అదే పరిమాణంలో ఉంటాయి. అందువల్ల గీతల మధ్య దూరం ఒక్క మాగ్నిఫికేషన్ వద్ద మాత్రమే నిజమైన మిల్. చాలా స్కోపులలో అది గరిష్ఠం వద్ద, మీ దానిలో 24 వద్ద కావచ్చు. 12కు తగ్గిస్తే రెండు గీతల మధ్య ఒక మిల్ అని కనిపించేది నిజానికి రెండు మిల్‌లు. 6 వద్ద నాలుగు. మొదటి ఫోకల్ ప్లేన్ స్కోపులో బొమ్మతో పాటు గీతలు కూడా పెరుగుతాయి కనుక ఈ లెక్క ఎప్పుడూ మారదు. దాని ధర ఎక్కువ, తక్కువ మాగ్నిఫికేషన్ వద్ద గీతలు సన్నని వెంట్రుకల్లా అయిపోతాయి, ఎక్కువ వద్ద లావెక్కి చిన్న నల్లచుక్కను కప్పేస్తాయి.

టరెట్‌కు మాత్రం ఈ జబ్బు లేదు. ఏ మాగ్నిఫికేషన్ వద్దనైనా ఒక క్లిక్కు ఒక క్లిక్కే. తెలిసిన దూరంలో, కాగితం మీద, తీరికగా డయల్ తిప్పి కాల్చే మీవంటివారికి రెండవ ఫోకల్ ప్లేన్ స్కోపు చాలు. దూరం అంచనా వేసేటప్పుడు మాత్రం ముందు 24కు తిప్పి ఆ తరవాత గీతలు లెక్కపెట్టండి. సూత్రం మీకు తెలిసే ఉంటుంది: వస్తువు ఎత్తును మీటర్లలో తీసుకుని వెయ్యితో హెచ్చించి, అది ఆక్రమించిన మిల్‌లతో భాగించాలి. అర మీటరు పలక 2.5 మిల్‌లు ఆక్రమిస్తే అది 200 మీటర్లలో ఉన్నట్టు. 12 వద్ద చూసి 1.25 అని చదివితే 400 మీటర్లని మోసపోతారు.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాను. సీనియర్లు మిల్, ఎం.ఓ.ఏ. అని మాట్లాడుకుంటుంటే నాకేమీ అర్థం కావడం లేదు. నేను ఏది నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ప్రస్తుతానికి రెండూ అవసరం లేదమ్మా. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్య పతకం గెలిచిన ఈ విభాగంలో స్కోపును అనుమతించరు. వెనుక చిన్న రంధ్రం గల పీప్ సైట్‌తోనే గురి చూడాలి. మీ దూరం ఎప్పుడూ మారదు. మీ టార్గెట్‌లో 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, వలయానికీ వలయానికీ మధ్య ఎడం 2.5 మిల్లీమీటర్లు. మీకు తెలియవలసిందల్లా మీ సైట్‌ను ఒక క్లిక్కు తిప్పితే ఆ కాగితం మీద గుండు ఎంత జరుగుతుందన్నది, అది ఒక్కొక్క తయారీలో ఒక్కొక్క రకంగా ఉంటుంది. రైఫిల్‌ను ఆనించి అయిదు గుండ్లు కాల్చండి, పది క్లిక్కులు కుడికి తిప్పి మరో అయిదు కాల్చండి, రెండు గ్రూపుల నడిమి దూరాన్ని స్కేలుతో కొలిచి పదితో భాగించి, వచ్చిన అంకెను మీ స్కోరు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. అదే పరీక్షను పైకీ కిందికీ కూడా చేయండి, రెండు నాబ్‌లూ ఒకే లెక్కన తిరగాలని ఏమీ లేదు.